చేతివాటం

మార్చి 4, సోమవారం

పళ్ళ డాక్టరు ఇవాళ ల్యాబుకి వచ్చాడు. పనుండి వచ్చానన్నాడు. పనైతే ఫోన్లో చెప్పొచ్చు. చేతికున్న కొత్త వాచీ చూపించుకోవడానికి వచ్చాడు.

నల్లది. కేసూ పట్టీ అంతా నలుపే. డయల్లో మూడు చిన్న గుండ్రాలు, పక్కన రెండు మీటలు. పైది నొక్కితే ఎర్ర ముల్లు పరుగు మొదలుపెడుతుంది, మళ్ళీ నొక్కితే టక్కున ఆగుతుంది. "సిరామిక్," అన్నాడు, నేను ఆ మాట ఎప్పుడూ విననట్టు. "గీత పడదు. రంగు వెలిసిపోదు. చర్మానికి దురద పుట్టదు."

ఇరవై ఏడేళ్ళుగా నేను ఆ సిరామిక్ పొడితోనే కట్టుడు పళ్ళు చేస్తున్నాను. ఆయన పేషెంట్ల నోళ్ళలో తెల్లగా ఉండేదీ ఆయన మణికట్టు మీద నల్లగా ఉండేదీ ఒకటే. ఆ మాటే అన్నాను. "అయితే పళ్ళు చేతికి కట్టుకుని తిరుగుతున్నానన్నమాట!" అన్నాడు. పిచ్చుక పకపకా నవ్వింది. మాట నాది, నవ్వు ఆయనకి.

పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. ఏడేళ్ళ కిందట పని నేర్పడానికి నా పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్న కొత్తలో ఒక్క చోట కుదురుగా ఉండేది కాదు. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తారు.

డాక్టరు వాచీ విప్పి నా చేతిలో పెట్టబోయాడు. ఎడమ చెయ్యి చాపాను. వెచ్చగా ఉంది, ఆయన ఒంటి వేడి.

మధ్యాహ్నమంతా వెధవ వాచీ గురించే ఆలోచించాను.

మార్చి 6

బజార్లో వేరే పనుండి వెళ్ళాను. వాచీల షాపు దారిలోనే ఉంది. దారిలో అంటే, రెండు వీధులు అవతల.

సేల్స్‌మన్ పెద్దమనిషి. తెల్ల గ్లవుజులు వేసుకుని, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు తీశాడు. కుడిచేతికి పెట్టమన్నాను. "ఎక్కువమంది ఎడమకి పెట్టుకుంటారండీ," అన్నాడు. పెట్టుకోనీ.

బరువు బాగుంది. మణికట్టుని ఎవరో పట్టుకున్నట్టుంది. చెయ్యి కుదురుగా ఉన్నట్టనిపించింది. నా చెయ్యి ఎప్పుడూ కుదురే. ఇంకొంచెం కుదురుగా, అని.

ఎందుకు కావాలో రాసుకుంటే తేలుతుంది. నా పని నెమ్మదించిందని బావమరిది ఈ మధ్య నసుగుతున్నాడు. ల్యాబులో సగం వాటా వాడిది, సగం నాది. లెక్కల పుస్తకం చూడటం తప్ప పన్ను ముట్టుకోడు. ఎవరైనా కొలిచారా? ఒక ముందుపన్నుకి కుంచెతో పొడి అద్దడానికి నాకు నలభై నిమిషాలు. పక్కన వాచీ పెట్టుకుని, మీట నొక్కి మొదలుపెట్టి, మీట నొక్కి ఆపి, మొహాన చూపిస్తాను. పనిముట్టు కింద లెక్క. సోకు కాదు.

మార్చి 7

గ్లాసు జారింది. చేతికి సబ్బుంది.

మార్చి 9

మా ఆవిడకి చెప్పాను. బట్టలు మడతపెడుతూ వింది.

"టైము ఫోన్లో ఉంది, గోడ మీద ఉంది, పొయ్యి మీద ఉంది. ఇంకా ఎంత టైము కావాలండీ మీకు?"

"అది వేరు. సెకన్లు కొలుస్తుంది."

"ఏం కొలుస్తారు?"

"పని."

నా వైపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ మధ్య నాకు గుండీల్లేని చొక్కాలు కొంటోంది. ఇప్పుడవే ఫ్యాషనట. యాభై నాలుగేళ్ళ వాడికి ఫ్యాషనేంటి?

మార్చి 12

పెద్ద పని వచ్చింది. ఒక స్కూలు హెడ్‌మిస్ట్రెస్. మెట్ల మీద పడి పై వరసలో ఆరు ముందుపళ్ళు పోగొట్టుకుంది. వెయ్యిమంది పిల్లల ముందు నోరు తెరవాల్సిన మనిషి. డాక్టరు చీటీ మీద రాశాడు: చేత్తోనే చెయ్యాలి, పెద్దాయనే చెయ్యాలి. పెద్దాయన అంటే నేను.

బావమరిది చీటీ చదివి గొంతు సవరించుకున్నాడు. "బావా, ఇది మిషన్ మీద కోయించేద్దాం. పైన రంగు పిచ్చుక వేస్తుంది. నీకెందుకు శ్రమ?"

"చీటీలో ఏం రాసుందిరా?"

"రాసుందిలే. నువ్వు అలిసిపోతున్నావని…"

"అలిసిపోయానని నీకు నేను చెప్పానా?"

వాడు పిచ్చుక వైపు చూశాడు. పిచ్చుక బల్ల మీది పళ్ళ అచ్చు వైపు చూసింది. ఈ ల్యాబులో ఇప్పుడు నాతో తప్ప అందరూ అందరితో చూపులతో మాట్లాడుకుంటారు.

ఆరూ నేనే చేస్తానన్నాను.

మార్చి 15

అయ్యాయి. నాలుగు రోజులు పట్టింది. పళ్ళు కాల్చే ఫర్నేసు సరిగ్గా వేడెక్కట్లేదు. కుంచెలు కూడా పాతబడ్డాయి. అయినా అయ్యాయి. సాయంత్రం డబ్బాలో పెట్టి పిచ్చుక బల్ల మీద పెట్టాను. ప్యాకింగు దాని పని. రోజూ తెల్లారి ఆరింటికే వచ్చి చేసుకుంటుంది. ఇంత శ్రద్ధ ఉన్న పిల్లలు ఈ రోజుల్లో దొరకరు.

మార్చి 17, ఆదివారం

డాక్టరు ఇంటికే ఫోన్ చేశాడు! నిన్న పళ్ళు పెట్టాడట. హెడ్‌మిస్ట్రెస్ అద్దంలో చూసుకుని ఏడ్చిందట. "మీ చేతిలో ఏముందండీ! మొదటి రోజుల్లో చేసినవాటి కన్నా బాగున్నాయి," అన్నాడు.

ఆవిడకి వినపడేలా స్పీకర్ పెట్టాను. ఆవిడ సంతోషించినట్టు కనపడలేదు. వంటింట్లో కొళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

వాచీ కొంటున్నాను. ఆలోచించేదేం లేదు. మనిషి తనకి తను ఒక్క బహుమతి ఇచ్చుకోకూడదా? వచ్చే శనివారం వెళ్తాను.

మార్చి 18

డాక్టరు ఫోటో పంపాడు. ఆరు పళ్ళూ దగ్గరగా.

వేళ్ళతో లాగి పెద్దది చేసి చూశాను. అంచు దగ్గర లేత నీలం, ఆ నీలంలో వెంట్రుకవాసి తెల్ల గీత. ఆ గీత నేను గియ్యను. చూసేవాళ్ళ కన్ను అక్కడికే పోతుందని పిచ్చుకకి వందసార్లు చెప్పాను. వినదు. అది దాని సంతకం.

పిచ్చుక భోజనానికి వెళ్ళినప్పుడు దాని సొరుగు తీశాను. అడుగున ప్లాస్టిక్ డబ్బా. దాంట్లో దూదిలో చుట్టిన పళ్ళు. ఒక్కో దూదిచుట్టకి ఒక చీటీ, చీటీ మీద తేదీ, డాక్టరు పేరు. నేను చేసిన ఆరూ పైనే ఉన్నాయి. కింద ఫిబ్రవరివి. ఇంకా కింద జనవరివి. అడుగున అక్టోబరు.

ముప్పై తొమ్మిది. అన్నీ నావే.

బల్ల మీద వరసగా పేర్చాను. ఎవరో కొత్తవాడు చేశాడనుకునేవాణ్ణి, లోపల నేను చెక్కే చుక్క గుర్తు లేకపోతే. అంచులు అలలు అలలుగా ఉన్నాయి. ఒకదానికి పక్క గోడ పలచబడి బీటేసింది. అక్టోబరువి ఫర్వాలేదు. ఫిబ్రవరివి చూడలేకపోయాను.

డబ్బా తీసుకెళ్ళి ప్లాస్టర్ చెత్తలో బోర్లించి, పైన ఇంకో బక్కెట్ చెత్త పోశాను.

మార్చి 19

అందరి ముందూ అడిగాను. దాయాల్సిన అవసరం నాకేంటి?

"నేను చేసిన పని నాకు తెలియకుండా తీసేసి, నీది పెట్టి పంపావా లేదా?"

"పంపాను సార్."

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెప్పలేదు సార్."

బావమరిది మధ్యలో దూరాడు. "ఉండు బావా. అసలు ఎందుకు మార్చావమ్మా? వాటిలో ఏం తేడా ఉంది? పాతవి ఏవీ?"

పిచ్చుక సొరుగు తీసింది. ఖాళీ. చాలాసేపు ఖాళీ సొరుగులోకే చూసింది. తర్వాత నన్ను చూసింది. నా చేతులు జేబుల్లో ఉన్నాయి. జేబుల వైపు కూడా చూసింది.

"తేడా ఏం లేదు సార్. నా పొగరు," అంది.

పొగరే. దాని నోటితోనే ఒప్పుకుంది. ఒకరి పని మీద చెయ్యి వేసేవాళ్ళని ఉంచుకుంటే ల్యాబు నడవదు. మధ్యాహ్నానికల్లా తన కుంచెలు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నా కుంచెలు కడిగిపెట్టి వెళ్ళింది. ఎవరడిగారు?

మార్చి 20

పక్క బల్ల ఖాళీ. వెలుతురు బాగా వస్తోంది.

మార్చి 23, శనివారం

షాపుకి వెళ్ళలేదు. తలనొప్పి.

మార్చి 26

అవతలి వీధి ల్యాబు ఓనరమ్మ ఫోన్ చేసింది. పిచ్చుక పని అడగడానికి వచ్చిందట. "పిల్ల ఎలాంటిదండీ? మీ దగ్గర ఎందుకు మానేసింది?"

చెప్పడానికి చాలా ఉన్నాయి. ఒక్కటే చెప్పాను. "చేతివాటం ఉందండీ."

"అయ్యో," అంది ఓనరమ్మ. "చూస్తే అలా లేదే. అడగడం మంచిదైంది." పెట్టేసింది.

నేను అబద్ధం ఆడలేదు. నా పళ్ళు తియ్యలేదా? తీసింది. ఆ మాటకి జనం వేరే అర్థం చెప్పుకుంటే నాదా పూచీ?

మార్చి 27

చేతివాటం అంటే దొంగతనమే. ఇంకో అర్థం లేదు. నాకు తెలుసు.

ఏప్రిల్ 2

పన్ను మీద తొడిగే క్యాపులు రెండు తిరిగొచ్చాయి. నిన్న మూడు. డాక్టరు తనే తెచ్చి నా ముందు పెట్టాడు. ఈసారి జోకుల్లేవు.

"ఇవి మీరు చేసినవేనా?"

"పొడి కొత్త కంపెనీది. కుదరట్లేదు."

బావమరిది ఒక క్యాపు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. పన్ను సంగతి తెలియనివాడికి కూడా కనపడేంత వంకర. వాడు తిప్పి తిప్పి చూశాడు. నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పిచ్చుక కుర్చీలో.

"బావా. ఆ పిల్ల ఏం చేసిందో నాకిప్పుడు అర్థమైంది."

నేను టిష్యూ తీసుకుని బల్ల తుడిచాను. అప్పటికే శుభ్రంగా ఉంది.

"ఒకసారి చెయ్యి చాపు బావా."

చాపలేదు.

ఏప్రిల్ 3

తమ్ముడు అక్కకి చెప్పకుండా ఉంటాడా? కాఫీ పెట్టి ఎదురుగా కూర్చుంది. కప్పు సగం వరకే పోసింది. ఎప్పటి నుంచి సగమే పోస్తోందో నేను గమనించనే లేదు.

"పిచ్చుకని నేనే అడిగానండీ."

అర్థం కాలేదు.

"అక్టోబర్లో. మీరు గుండీ పెట్టుకోలేక చొక్కా విసిరికొట్టారు గుర్తుందా? ఆ మర్నాడు వెళ్ళి కలిశాను. అప్పటికే దానికి తెలుసు. సార్ పని పాడైనట్టు ఎవరికీ తెలియనివ్వకు తల్లీ, ఆయన తనంతట తను చెప్పుకునేదాకా చూడు అన్నాను. తెల్లారగట్ల లేచి వెళ్ళేది పాపం."

"నా పని గురించి నా వెనకాల వంటింట్లో మంతనాలా?"

"ముందు నుంచి అడిగితే చెప్పారా? డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నాలుగు రోజులు మాట్లాడలేదు."

"అయితే నిలదీసినప్పుడు అది నీ పేరు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు నన్నేం అంటారోనని."

కాఫీ చల్లారిపోయింది. ఆవిడ లేచి వెళ్తూ అంది: "దాని గురించి ఆ ల్యాబులో ఏం చెప్పారో కూడా తెలిసింది. నాకు మీ మొహం చూడబుద్ధి కావట్లేదు."

ముప్పై ఏళ్ళలో అలా అనలేదు.

ఏప్రిల్ 6, శనివారం

షాపుకి వెళ్ళాను. ఇంక ఎవరికి కొలిచి చూపించాలో తెలీదు. అయినా వెళ్ళాను. ఒకటి కావాలని మొదలుపెట్టాక అది దక్కాలి అంతే, ఇంకేదీ దక్కనప్పుడు మరీ.

అదే పెద్దమనిషి గుర్తుపట్టాడు. "మీ కోసమే పక్కన పెట్టానండీ." అబద్ధం, కానీ బాగుంది. పట్టీ కొక్కెం నేనే పెట్టుకుంటానన్నాను. మూడుసార్లు జారింది. నాలుగోసారి ఆయనే పెట్టాడు. చెయ్యి అద్దాల బల్ల మీద ఆనించాను. సిరామిక్ అద్దానికి తగిలి టకటకమంటోంది. సన్నగా, ఆగకుండా. చెయ్యి ఎత్తితే చూస్తాడు, దించితే వింటాడు.

ఆయన మాత్రం వాచీ గొప్పలు చెప్పుకుపోతున్నాడు. "దీనికి బ్యాటరీ ఉండదండీ. కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి ఆడుతూ ఉంటే చాలు, దానంతటదే తిరుగుతుంది. కొంతమంది ఆఫీసులో కదలకుండా కూర్చుంటారు, వాళ్ళది ఆగిపోతుంది. మీలాంటి పనిచేసే చేతికైతే ఎప్పటికీ ఆగదు."

నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు. కౌంటరు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అవతల ఉంగరాలు చూస్తున్న జంట వెనక్కి తిరిగారు. ఆయన ముందు నాతో కలిసి నవ్వబోయి, అప్పుడు నా చెయ్యి చూశాడు. గ్లవుజు వేసుకున్న రెండు చేతులూ నా చేతి మీద పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. టకటక ఆగింది.

"మా అన్నయ్యకీ ఉండేదండీ," అన్నాడు. "డాక్టర్ని చూశారా?"

వాచీ విప్పమన్నాను. కొనలేదు. ఒక మీట నొక్కడానికి రెండు చేతులు కావాల్సినవాడు సెకన్లు కొలిచి ఎవరి మొహాన కొడతాడు?

ఏప్రిల్ 11

నరాల డాక్టరు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి విడదియ్యమంది, టకటకా. ఎడమది బాగానే ఆడింది. కుడిది నాలుగుసార్లకే కదలిక తగ్గి, మొరాయించింది. నడవమంది. నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊగట్లేదట. ఊగాల్సినప్పుడు ఊగదు, ఊగకూడనప్పుడు ఊగుతుంది.

"పార్కిన్సన్స్," అంది. "మందులున్నాయి. చాలా ఏళ్ళు బాగుంటారు. ఏం పని చేస్తారు?"

మా ఆవిడ నా బదులు చెప్పింది. డాక్టరు రాయడం ఆపింది. "ఆ పని ఇంక కష్టమండీ."

కష్టం అన్న మాట డాక్టర్లు చాలా మర్యాదగా వాడతారు.

ఏప్రిల్ 12

ఆ ఓనరమ్మకి ఫోన్ చెయ్యాలి.

ఏప్రిల్ 13

చెయ్యలేదు. చెప్పింది తప్పంటే, ఎందుకు చెప్పానంటుంది. ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. ఊళ్ళో ల్యాబులన్నిటికీ సాయంత్రానికల్లా తెలుస్తుంది.

ఏప్రిల్ 14, ఆదివారం

ఆదివారం ల్యాబులుండవు.

ఏప్రిల్ 16

మందుకి కడుపులో తిప్పుతోంది. ఇవాళ కుదరదు.

ఏప్రిల్ 19

మా ఆవిడ కాగితం మీద పిచ్చుక పనిచేసే చోటి అడ్రసు రాసి ఇచ్చింది.

కళ్ళద్దాల షాపు. పిచ్చుక ఫ్రేములు తుడిచి అల్మారాలో పెడుతోంది. వేళ్ళు ఎంత చకచకా ఆడుతున్నాయో. ఒక పన్ను మీద వెంట్రుకవాసి గీత గియ్యగల వేళ్ళు, ఎవరో పెట్టుకుని వదిలేసిన అద్దాల మరకలు తుడుస్తున్నాయి. నేను గుమ్మంలో ఉండగానే చూసింది. తుడుస్తూనే ఉంది.

"అమ్మాయ్…"

"ఫ్రేము కావాలా సార్?"

"తప్పు చేశాను."

"ఏ తప్పు సార్?" గొంతు మామూలుగానే ఉంది. "డబ్బా పారేసిన తప్పా, ఆ ఫోన్లో అన్న తప్పా?"

"రెండూ."

"డబ్బా ఫర్వాలేదు. నేనైనా పారేసేదాన్నేమో. ఫోనే…" తుడుస్తున్న గుడ్డ ఆగింది. "మూడు ల్యాబులు తిరిగాను సార్. మూడోచోట నా ముందే బ్యాగు వెతికారు. మా నాన్నకి ఇంకా చెప్పలేదు, మీ దగ్గరే చేస్తున్నాననుకుంటున్నాడు."

మూడు ల్యాబులు. నేను చెప్పింది ఒక్కరికే.

"నాకు జబ్బు చేసిందే," అన్నాను. అనగానే తెలిసింది, ఆ మాట అక్కడ అనాల్సింది కాదని.

"తెలుసు సార్. నాకు అక్టోబర్లోనే తెలుసు." మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. "మీరు ఇప్పుడొచ్చింది నా కోసమా, మీ మనసు తేలికపడటానికా?"

రెండోదేనేమో.

"నా కోసమే అయితే నాకు చెప్పొద్దు. సోమవారం ఆ ఓనరమ్మ ల్యాబుకి రండి. అందరూ ఉన్నప్పుడు అక్కడ చెప్పండి."

ఏప్రిల్ 22, సోమవారం

వెళ్ళాను.

ఓనరమ్మ తన గదిలోకి పిలిచింది. వద్దు, బల్లల దగ్గరే మాట్లాడతానన్నాను. ఎనిమిది మంది పనివాళ్ళు. ఇద్దరు నాకు పాతికేళ్ళుగా తెలిసినవాళ్ళు. పిచ్చుక తలుపు పక్కన నిలబడింది, బ్యాగు ముందుకు పట్టుకుని.

కుడిచెయ్యి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. నేను చెప్పక ముందే అది చెప్పడం మొదలుపెట్టింది. పొడి కలిపే మిక్సింగ్ పలక గలగలమంది. అందరూ చెయ్యినే చూస్తున్నారు.

"ఈ అమ్మాయి ఏదీ తియ్యలేదండీ. ఆరు నెలలుగా నా చేతికి పనితనం పోయింది. పాడు చేసిన పళ్ళు ఈ అమ్మాయి మళ్ళీ చేసి నా పేరు మీద పంపింది. నా పరువు కాపాడింది. ఆ సంగతి తెలిసి ఓర్చుకోలేక నేను దొంగ అన్నాను. రుజువులుంటే చెత్తలో పోశాను."

నాకు తెలిసిన ఇద్దరిలో ఒకడు తల దించుకున్నాడు. అయ్యో పాపం అంటారని ఎక్కడో ఆశ పెట్టుకున్నాను కాబోలు. ఓనరమ్మ అనలేదు.

"ఒక పిల్ల బతుకు గురించి ఫోన్లో అంత తేలిగ్గా ఎలా అన్నారండీ? నేనూ నలుగురికి చెప్పాను, మంచి చేస్తున్నాననుకుని."

చెయ్యి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

ఆవిడ పిచ్చుకకి ఒక అచ్చు ఇచ్చింది. పై వరస, ముందుపన్ను. "చెయ్యమ్మా, చూద్దాం." వెళ్ళమని నాకెవరూ చెప్పలేదు, కూర్చోమనీ చెప్పలేదు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. పిచ్చుక బ్యాగు కింద పెట్టి, కుర్చీ ఎత్తు సరిచేసుకుని, పొడి కలుపుకుంది. తర్వాత అది ఎవరినీ చూడలేదు. బల్ల బల్లకీ పని ఆగిపోయింది. పన్ను ఫర్నేసులోంచి బయటికొచ్చి చల్లారాక ఓనరమ్మ వేళ్ళ మధ్య పట్టుకుని దీపం ముందు తిప్పింది. అంచు దగ్గర ఆ గీత. అది లేకపోతే ఆ పన్ను చచ్చిపోయినట్టుండేది. ఏడేళ్ళు వద్దన్నాను.

"ఎవరి దగ్గర నేర్చుకున్నావమ్మా?" అంది ఓనరమ్మ. అడుగుతూ నా వైపు చూసింది.

"ఎవరి దగ్గరా కాదండీ," అంది పిచ్చుక. "చూసి చూసి నేనే నేర్చుకున్నాను."

ఓనరమ్మ ఇంకా నన్నే చూస్తోంది. "అంతేనా అండీ?"

"అంతేనండీ," అన్నాను. "తనే నేర్చుకుంది."

రేపటి నుంచి రమ్మంది. పిచ్చుక తల ఊపి బ్యాగు తీసుకుంది. గుమ్మం దగ్గర నన్ను దాటి వెళ్తూ ఆగింది. "మందులు టైముకి వేసుకోండి సార్. ఇంక నన్ను కలవడానికి రావొద్దు." మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నేనే నేర్పాను. పొడి ఎంత తడిగా ఉండాలో, టిష్యూ ఎప్పుడు ఆనించాలో, ఎప్పుడు ఆనించకూడదో, ఊపిరి బిగబట్టి ఏ క్షణంలో వదలాలో, అంతా నేనే. ఇక్కడ రాసుకుంటున్నాను. ఇంకెక్కడా అనను.